జబ్బుల డబ్బా

ఆ గురువారం ఒమాన్ దేశం బర్కాలోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురే. వంట చేసే గురవమ్మ, పసిబిడ్డను చూసుకునే హసీనా, ఊడ్చి తుడిచే మున్నీ, డ్రైవర్ జిలాని. మేడం, సారు బిడ్డను తీసుకుని, కారు తామే నడుపుకుంటూ పెళ్లికి పోయారు.

ఈ నలుగురిదీ కడప జిల్లా. నలుగురికీ కలిపి ఒక జబ్బుల డబ్బా ఉంది. గోను తుఫాను వచ్చిన ఏడాది అందరూ జ్వరాలతో పడుకుంటే ఎవరి చేతిలోనూ చిల్లర బైసా కూడా లేకపోయింది. అప్పటి నుంచి జీతం అందగానే తలా ఒక రియాలు ఖాళీ పాలపొడి డబ్బాలో వేస్తున్నారు. ఎవరికి ఒళ్లు బాగాలేకపోయినా ఆస్పత్రి ఖర్చు అందులోంచే. దాని పెత్తనం గురవమ్మది. బియ్యం డ్రమ్ములో అడుగున దాస్తుంది.

మొదట్లో అడిగితే ఇచ్చేది. జిలాని జ్వరమని తీసుకుపోయి అత్తరు సీసాతో తిరిగొచ్చాక, జబ్బును కళ్లారా చూస్తే తప్ప మూత తియ్యడం మానేసింది.

"గురవత్తా, పన్ను నొప్పి. డాక్టరుకాడికి పోవాల" అంది మున్నీ బుగ్గ పట్టుకుని.

గురవమ్మ టీలో రొట్టెను నానబెడుతోంది. తల ఎత్తలేదు.

"నిన్న కుడి బుగ్గ గదమ్మే పట్టుకున్న్యావు? రాత్రికి రాత్రి పన్ను కాపురం మార్చిందా?"

హసీనా పకపకా నవ్వింది. మున్నీ గబుక్కున చెయ్యి మార్చింది.

"పొద్దున శనక్కాయలు పటపటా కొరికితివే?"

"అవి మెత్తగుండాయత్తా."

"మెత్తగానా! వేంచింది నేనేలే."

"పాపం, ఇచ్చెయ్ అక్కా" అన్నాడు జిలాని గుమ్మంలోంచి.

"నువ్వు మాట్లాడాకు. నీ జ్వరం వాసన ఇంకా పోలా."

గురవమ్మ కొంగుముడి విప్పి ఒక లవంగం తీసి మున్నీ చేతిలో పెట్టింది. "ఇది నొక్కిపట్టు. పండ్లకూ పడిశానికీ డబ్బా తెరిస్తే, రేపు పెద్ద రోగమొస్తే ఏం జేస్తాం? రెండేండ్లాయ, నాకోసం ఒక్క తూరన్నా మూత తీసినానా?"

"లేదులే అత్తా" అంది హసీనా, నవ్వు ఆపి.

మున్నీ లవంగాన్ని గట్టు మీద పెట్టేసింది.

"దీంతో తగ్గేది కాదత్తా. పండుకుంటే చెవి దాకా లాగుతాది. దిండుకు ఆనిస్తే లోపల సుత్తితో కొట్టినట్టుంటాది. మూలుగు ఎవరికన్నా ఇనపడతాదేమోనని నోట్లో గుడ్డ కుక్కుకోవాల."

గురవమ్మ చేతిలో రొట్టె ఆగిపోయింది. ఇది ఊహించి చెప్పే నొప్పి కాదు. రోజూ తన పక్కనే పడుకునే ఇంత చిన్నపిల్ల ఎట్లా ఓర్చుకుంటోందో! జాలి ముంచుకొచ్చింది.

"ముందే చెప్పొద్దా, ముదనష్టపుదానా!" అంటూ బియ్యంలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది.

డబ్బు మాత్రం మున్నీకి అందనివ్వలేదు. "నేనే వచ్చి డాక్టరు చేతిలో పెడతా. మళ్లీ యాడన్నా అత్తరు వాసన వస్తే?"

జిలాని ఇంట్లో ఉన్న రెండో బండి తీశాడు. మెయిన్ రోడ్డు మీదున్న పళ్ల ఆస్పత్రిలో జనం పెద్దగా లేరు. మున్నీ పోయి పేరు రాయించి వచ్చింది. గురవమ్మ డబ్బు గుప్పిట్లో బిగించుకుని బెంచీ మీద కూర్చుంది. లోపలి నుంచి పన్ను తొలిచే మర గీమంటున్న చప్పుడు వినిపించింది. ఆమె చప్పున మున్నీ చెయ్యి పట్టుకుంది.

"బయపడాకు పాపా. సూది పడేంతవరకే. నేనుండా గదా."

"మధ్యలో లేచి పోవు గదా అత్తా?"

"నేనెందుకు పోతానమ్మే?"

"ఒట్టు?"

"ఒట్టు."

నర్సు తలుపు తెరిచి "గురవమ్మ ఎవరు?" అని పిలవగానే, మున్నీ అత్తను రెండు చేతులా లోపలికి తోసి తలుపు మూసేసింది.