పెద్ద టైర్లు

తమ్ముడు నాని మా పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కి తాడేపల్లిగూడెంలో పెద్ద టైర్లు వేయించుకొచ్చాడు. మలుపు తిప్పినప్పుడల్లా టైరు మడ్‌గార్డుని ఒరుసుకుంటోంది. రబ్బరు కంపు కొడుతోంది.

"కొల్లేటి బురద గట్లు దీనికిక తారురోడ్డే అక్కా!" అన్నాడు.

వెనక చేపల ట్రేలు సర్ది, అమ్మ డ్రైవరు సీటెక్కడానికి కుచ్చిళ్లు పట్టుకుని కాలెత్తింది. అందలేదు. తలుపు పట్టుకుని మళ్లీ ఎత్తింది.

"ఈ వయసులో నీకెందుకమ్మా అవస్థ? నేనున్నానుగా," అంటూ తాళం తన జేబులోనే వేసుకున్నాడు, ఎంతో ప్రేమగా.

"టైర్లు బాగున్నాయిరా," అంది అమ్మ మెల్లగా.

నాన్న పోయినప్పట్నుంచీ ఆ బండి నడిపి మమ్మల్ని చదివించింది అమ్మే. బండి తనకిచ్చెయ్యమని వాడు ఎన్నిసార్లడిగినా ఇవ్వలేదు.

ఇక అడిగే పని లేకుండా చేసుకున్నాడు.