ఎర్ర నడికట్టు

"ఇంకా గట్టిగా బిగించు. జారిపోతే?" అన్నాడు చాంగ్లిన్.

"జారిపోతే మళ్లీ కడతా. కాస్త ఊపిరన్నా పీల్చుకో," అంది భార్య లాన్‌యింగ్.

పాము ఏడు మొదలైన పొద్దున అది. చాంగ్లిన్ పాము ఏట పుట్టినవాడు. అక్కడ ఏడాదికో జంతువు పేరు; ఎవరు ఏ జంతువు ఏట పుడితే అది వాళ్లకి పన్నెండేళ్లకోసారి తిరిగి వస్తుంది. వచ్చిందంటే తనవాళ్ల మీదే పగబడుతుంది. దాని కంట పడకుండా ఉండాలంటే ఏడాది పొడుగునా ఒంటి మీద ఎరుపు ఉండాలి.

చాంగ్లిన్ భయం ఊరికే వచ్చింది కాదు. అతని తండ్రిదీ పాము ఏడే. సరిగ్గా ఈ వయసులో, పాము ఏటిలోనే, రేగుపళ్లు రాల్చడానికి చెట్టెక్కి కొమ్మతో సహా లోయలో పడ్డాడు. శవాన్ని పైకి తెచ్చినప్పుడు నడుముకి ఎర్రగుడ్డ ఉంది. అది ఆయన సంతలో తనే కొనుక్కున్నది.

"ఎరుపు ఇంకొకరు ఇవ్వాలి. ఎవరికి వాళ్లు కొనుక్కుంటే అది ఉత్త గుడ్డ," అని తల్లి అప్పటినుంచీ చెబుతూనే ఉంది.

అందుకే లాన్‌యింగ్ తనే కుట్టి కట్టింది. నడికట్టు, మేజోళ్లు, లోబట్టలు, అన్నీ ఎరుపే.

"బళ్లో పుస్తకంలో పాము బొమ్మ వస్తే బల్లెక్కి ఏడ్చినవాడివి. పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలీదా?" అని నవ్వింది.

చాంగ్లిన్ నడికట్టు ముడి మరోసారి లాగి చూసుకున్నాడు.

ఆ రోజునుంచి అతను చెట్టెక్కలేదు. బావి దగ్గరికి పోలేదు. ఊళ్లో చావుకీ పోలేదు, పెళ్లికీ పోలేదు. వాళ్లది మట్టికొండలో తొలిచిన ఇల్లు. రాత్రిపూట కప్పు నుంచి చిన్న పెళ్ల రాలినా లేచి కూర్చునేవాడు.

పనులు ఆగవు. పిల్లల్లేని ఇల్లు. అన్నీ లాన్‌యింగే చేసింది.

చలి తగ్గాక, విత్తనానికి బంగాళాదుంపలు కావాల్సొచ్చాయి. దుంపలు దాచే లోతు గొయ్యి చలికాలమంతా మూసి ఉంది. చాంగ్లిన్ గట్టు మీద తాడు పట్టుకున్నాడు. లాన్‌యింగ్ దిగింది. ఒక బుట్ట పైకి వచ్చింది. రెండో బుట్ట రాలేదు.

"ఏమే!"

కింద పలుకు లేదు.

"ఏమే, లాన్‌యింగ్!"

చాంగ్లిన్ కాళ్లు కదల్లేదు. కేక మాత్రం ఊరంతా వినబడింది. పక్కింటి చియావ్ పరుగెత్తుకొచ్చాడు. నడుముకు తాడు కట్టుకుని దిగి ఆమెను పైకి చేర్చాడు. లోపల గాలి చెడిపోయి ఉంది. ఆమె పెదాలు నీలమయ్యాయి. చాలాసేపటికి దగ్గింది.

"చూశావా?" అన్నాడు చాంగ్లిన్. "పాము ఏడు నాకోసం అక్కడ కాచుకుని కూర్చుంది. నేనే దిగి ఉంటేనా!"

"అవునయ్యా, పాపం నీకు ఎంత గండం తప్పింది," అన్నాడు చియావ్, ఆమె మొహాన నీళ్లు చల్లుతూ.

వానలప్పుడు లాన్‌యింగ్ నడుపుతున్న మూడు చక్రాల బండి కొండదారిలో పట్టు తప్పింది. ఆమె గట్టు మీదికి దూకింది. బండి లోయలోకి పోయింది. మోకాళ్లు చీరుకుని, కుంటుతూ ఇంటికి వచ్చింది.

"ఎప్పుడూ ఆ బండి నేను నడిపేది," అన్నాడు చాంగ్లిన్. ఆ రోజంతా గుమ్మం దాటలేదు.

రేగుపళ్లు ఎర్రబడ్డాయి.

"నాన్న ఎక్కిన చెట్టు. దాన్ని వదిలేయవే," అని బతిమాలాడు.

"వదిలేస్తే చలికాలం నీ పాము అన్నం పెడుతుందా?"

లాన్‌యింగ్ కర్ర పట్టుకుని ఎక్కింది. కొమ్మ విరిగింది. ఆమె లోయ వైపు కాకుండా ఇవతల పడింది. కుడి మణికట్టు ఎముక విరిగింది.

ఆ పూట చాంగ్లిన్ కొర్ర గంజి ముట్టలేదు.

"వచ్చినప్పుడల్లా దారి తప్పుతోంది. ఎన్నిసార్లని తప్పుతుంది? ఈసారి సూటిగా నా దగ్గరికే వస్తుంది."

"కట్టాను కదా. నీ జోలికి రాదు. తాగు."

ఎడమచేత్తో గిన్నె అతని ముందుకు జరిపింది. గంజి కొంచెం ఒలికింది.

ఏడాది చివరి రోజు పొద్దు వాలింది. వాకిట్లో మంచు గాజులా గట్టిపడి ఉంది. వాకిలి పైన లాంతరు వేలాడదీయాలి. చాంగ్లిన్ నిచ్చెనకు దూరంగా, గుమ్మంలో, తల్లి పక్కన నిలబడ్డాడు. లాన్‌యింగ్ లాంతరు పళ్లతో పట్టుకుని, మంచి చేత్తో మెట్లు పట్టుకుని ఎక్కుతోంది.

"కాస్త నిచ్చెన పట్టుకోకూడదూ?" అంది లాంతరు పిడి పళ్ల మధ్య నుంచే.

"పైనుంచి ఏదన్నా నా మీద పడితే? ఈ ఒక్క పూట ఓర్చుకో. తెల్లారితే గుర్రం ఏడు."

తల్లి వైపు తిరిగాడు. ఏడాదిలో మొదటిసారి అతని మొహం విచ్చుకుంది.

"బతికిపోయానమ్మా. దానికి నేను కనబడనే లేదు."

ముసలామెకు చూపు పోయి చాలా కాలమైంది. కొడుకు నడుము తడిమింది. వేళ్లు కుట్టు వెంబడి మెల్లగా నడిచాయి.

"లాన్‌యింగ్ కుట్టే కదూ?"

"మరి? ఇంకొకరు ఇవ్వాలని నువ్వేగా చెప్పావు."

వాకిట్లో నిచ్చెన కిర్రుమంది. దాని కాలు మంచు మీద కొంచెం జరిగింది. ముసలామె చెయ్యి నడికట్టు మీదే ఆగిపోయింది.

"లాన్‌యింగూ పాము ఏట పుట్టిందే కదరా, వాళ్లమ్మ పోయాక దాని నడుముకి ఎవరు కట్టారు?"