వెయ్యిన్ని తొమ్మిది

"ఇదొక్కటే మిగిలిందే. వెయ్యిన్ని తొమ్మిదితో భాగించినా శేషం వచ్చిందంటే, ఇక దాన్ని విడగొట్టే మొనగాడు లేనట్టే," అన్నాడు మంచం మీంచి లెక్కల మాస్టారు.

పక్షవాతంతో ఆయన చెయ్యి పడిపోయాక భాగహారాలన్నీ భార్యే చేస్తోంది. పదిలక్షల ఇరవై రెండువేల నూట పదిహేడుని ఇప్పటికి నూట అరవై ఎనిమిది ప్రధాన సంఖ్యలతో భాగించింది. ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది.

"అది లొంగకపోతే నేనూ ఈ రోగానికి లొంగను," అని పంతం పట్టాడాయన. డాక్టరు మాత్రం పొద్దున గుమ్మం దగ్గర ఆమెను చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళాడు.

ఆమె పలక మీద చివరి తీసివేత చేసింది. సున్నా వచ్చింది.

"ఎంత మిగిలిందే?"

"ఒకటండీ."

మాస్టారి మొహం వెలిగింది. "భాగఫలం?"

"వెయ్యిన్ని పదమూడు."

ఆయన పెదవులు కాసేపు కదిలి ఆగిపోయాయి.

"తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. మన సంఖ్య చివరా ఏడే. ఇక ఒకటి మిగలడానికి చోటెక్కడే, పిచ్చిదానా?"

ఆమె గబగబా కొంగుతో పలక తుడవబోయింది.

"ఉండనీ," అన్నాడాయన, మొహం గోడవైపు తిప్పుకుంటూ. "లెక్క సరిగ్గానే చేశావు."