చెక్కుచెదరని గోడ

ఆశాజ్యోతి సమ్మెట ఎత్తి బలంకొద్దీ గోడను కొట్టింది. గోడ ఖంగుమంది.

"ఆగవే, పిచ్చి పట్టిందా? రేపు ఓపెనింగ్ పెట్టుకుని!" దుర్గేష్ వెనకనుంచి భార్య జబ్బ పట్టుకుని విసురుగా లాగాడు. ఆమె మోచేత్తో అతని మూతి మీద పొడిచింది. పెదవి చిట్లి చొక్కా మీద నెత్తురు కారింది.

"పొద్దున ఫోటో తగిలిద్దామంటే మేకు వంగిపోయింది. ఏం చేశావు దీన్ని?"

ఈ పరాయి దేశంలో, పాపటోయిటోయి అనే ఊళ్లోని తెలుగువాళ్లంతా ప్రతి శనివారం వచ్చి, కాళ్లతో మట్టి తొక్కి కట్టుకున్న హాలు అది. ఆఫ్రికాలోని మాలి దేశానికి వెళ్లి ఆ పద్ధతి నేర్చుకొచ్చిందీ, అందరికీ నేర్పిందీ ఆశాజ్యోతే.

ఆమె మళ్లీ కొట్టింది. సమ్మెట ఎగిరొచ్చి ఆమె మోకాలి చిప్పకే తగిలింది. గోడ మీద చిన్న గీత పడిందంతే.

దుర్గేష్ నెత్తురు ఉమ్మి నవ్వాడు. "ఎంత కొట్టినా పడదు. మీరెవరూ చూడకుండా పొడి మట్టిలోనే సిమెంటు కలిపించాను. ఇంజినీర్నయ్యుండి నేను కట్టిన గోడ వానకి కరిగితే, మనవాళ్లలో నా పరువేం గాను? ఇంక మన మనవల కాలం దాకా దీన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు."

ఆశాజ్యోతి సమ్మెట వదిలేసింది. గోడకి చేరగిలబడి కూలబడిపోయింది.

"కరగాలనే కదా మట్టితో కట్టింది," అంది. "మాలిలో ఏటా వానలకి ముందు ఊరంతా చేరి గోడకి మట్టి పూస్తారు. మనవాళ్లూ ఏడాదికోసారి ఆ వంకనైనా కలుస్తారనుకున్నా. ఇంకెందుకొస్తారు దుర్గేష్, ఎవరైనా?"