మడిలో లేని పిట్ట

ఒరతైకి పాములంటే భయం లేదు, పోటు నీళ్లంటే భయం లేదు. ఆమె భయమంతా ఐదేళ్ల కూతురు మోట్ నోరు. ఆ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఈ ఒక్క పూటకీ దీన్ని మీ అమ్మ దగ్గర దింపి రావయ్యా," అంది మొగుడితో.

"అమ్మ రొయ్యలు ఒలవడానికి పోయింది. మాస్టారు వచ్చేసరికి నిద్రపోతుందిలే," అన్నాడు వినై, ఉప్పుమడి గట్టు మీద గొంతుక్కూర్చుని.

"ఇదా? నిద్రపోవడమా? మొన్న భిక్షకొచ్చిన స్వాములవారితో 'మా అమ్మ నిన్నటి కూర వేసింది' అని చెప్పిన పిల్ల!"

అసలు తప్పంతా వినైదే. చలికాలంలో పోటు వచ్చి సముద్రపు బురదంతా మునిగిపోతే, ఉల్లంకి పిట్టలు వేలకు వేలు ఉప్పుమళ్లలోకి వచ్చి వాలతాయి. వాటిల్లో ఒకే ఒక్కటి చెంచాముక్కు పిట్ట. రెండు వేళ్ల లోతు నీళ్లుంటేనే అది నిలబడేది. ఈ ఏడు నాలుగు గంపల ఉప్పు ఎక్కువ దిగుతుందన్న ఆశతో వినై మడిని చీలమండలదాకా నింపేశాడు. మూడో రోజుకి ఆ పిట్ట లేదు. లబోదిబోమని నీళ్లు తోడేశాడు. మిగతావన్నీ తిరిగొచ్చాయి. అది మాత్రం రాలేదు.

ఆ సంగతి ఒప్పుకుంటే పోయేది. పక్షుల లెక్క రాసే సమ్రిత్ మాస్టారు ఫోన్ చేసి "పిట్ట ఉందా?" అంటే, "ఉంది మాస్టారూ, పొద్దున్నే చూశా," అనేశాడు.

అనక ఏం చేస్తాడు? ఆ పిట్ట లెక్కలోకెక్కితే మడిని పక్షుల సంఘం వాళ్లు కౌలుకి తీసుకుంటారు, ఉప్పు మాత్రం వీళ్లే పండించుకోవచ్చు. ఎక్కకపోతే వచ్చే నెల్లో మడి ఎండగట్టి, ఎండతో కరెంటు పుట్టించే పలకలు పాతిస్తానని మడి గల ఆసామి తెగేసి చెప్పాడు. తాతల నాటి నుంచి చేస్తున్న మడి. వీళ్లకి మరో పని రాదు.

మాస్టారు సామాన్యుడు కాదు. ఇరవై రెండు చలికాలాలుగా లెక్క రాస్తున్నాడు. తన కంటితో చూడనిది రాయడు. నిరుడు జిల్లా అధికారి ముచ్చటపడి చెప్పిన కొంగని ఆయన ఎదురుగానే లెక్కలోంచి కొట్టేశాడు.

ఆయన ముక్కాలిపీట మీద దుర్భిణి బిగిస్తూ ఉండగానే మోట్ ప్రత్యక్షమైంది.

"తాతా, ఇది ఫిరంగా?"

ఒరతై గబగబా పిల్ల బుగ్గన తాటిబెల్లం ముక్క కుక్కింది.

"ఏంటమ్మా, పిల్ల నోరు కట్టేస్తున్నావ్?" అన్నాడు మాస్టారు.

"ఆకలేస్తోంది మాస్టారూ. పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు."

"రెండుసార్లు తిన్నా," అంది మోట్ బెల్లం పక్క బుగ్గకి తోసి.

పోటు పెరిగింది. పిట్టలు తవుడు చల్లినట్టు వచ్చి మడి నిండా వాలాయి. మాస్టారు కాసేపు ఉత్త కళ్లతోనే చూస్తూ నిలబడ్డాడు.

"పక్క మళ్లన్నీ పలకలయ్యాక పాపం అన్నీ ఇక్కడికే వస్తున్నాయి," అని గొణుక్కుని, గొంతు పెంచాడు. "ఏదోయ్ నీ చెంచాముక్కు?"

"ఆ మూల మాస్టారూ."

"ఏ మూల? మడికి నాలుగు మూలలుంటాయి."

"నాలుగింట్లోనూ తిరుగుద్దండి."

"ఒకటేనా?"

"పెళ్లాంతో వచ్చినట్టుందండి..."

ఒరతై మొగుడి జబ్బ మీద గిల్లింది. సరిగ్గా అప్పుడే మోట్ బెల్లం మింగేసింది.

"తాతా! మా నాన్న..."

"నీళ్లు తాగుదువుగాని రా!" ఒరతై చెయ్యి పట్టి లాగింది.

"పిల్లని ఇక్కడే ఉండనీ," అన్నాడు మాస్టారు. "మీరిద్దరూ ఆ ఉప్పుకొట్టు వెనక్కి పోండి. మనుషులెక్కువైతే పిట్టలు బెదురుతాయి."

ఒరతై మొగుణ్ణి లాక్కుని కదిలింది. కొట్టు వెనక నుంచి తొంగి చూసింది. మాస్టారు దుర్భిణి మీదికి వంగి ఉన్నాడు. మోట్ పెదాలు చకచకా ఆడుతున్నాయి. ఆయన వింటున్నాడు. మళ్లీ ఆడుతున్నాయి. దుర్భిణికి అటువైపు వెళ్లి వేలు చూపించి మరీ ఏదో చెబుతోంది.

"కక్కేసిందయ్యా, మొత్తం కక్కేసింది. పలకలు తుడిచే పనన్నా ఇస్తారేమో ఆసామిని అడుగు," అంది ఏడుపు గొంతుతో.

"నువ్వు తుడువు. నేను పట్టుకుంటా నిచ్చెన," అన్నాడు వినై, ఆమెకన్నా హీనంగా.

"రండర్రా! దొరికింది!" మాస్టారి కేక.

ఇద్దరూ పరిగెత్తారు. మాస్టారు దుర్భిణిలోంచి కన్ను తీయకుండా చెబుతున్నాడు. "అబ్బ, ఏం ముక్కు! గంజి కలిపినట్టు అటూ ఇటూ ఎలా కలుపుతోందో!"

వినై నోరు తెరిచాడు. "నిజంగా ఉందా?"

"అదేంటోయ్, పొద్దున నువ్వు చూశానన్నావుగా?"

"చూశా, చూశా! అదే... ఇంకా ఉందా అని."

మాస్టారు జేబులోంచి పుస్తకం తీసి, ఒరతైకి కనబడేలా రాశాడు: చెంచాముక్కు, ఒకటి. కింద సంతకం.

"ఒక్కసారి నన్నూ చూడనివ్వండి మాస్టారూ," అని ఆమె వంగబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కదిల్తే బెదురుద్దమ్మా. అదిగో... పోయింది." దుర్భిణి ఊడదీసి సంచీలో పెట్టేసుకున్నాడు. "వచ్చే ఏడు మాత్రం నీళ్లు రెండు వేళ్లు దాటనివ్వకోయ్ వినై."

ఇంటి వాకిట్లో, నేలని కాచే భూమితాత గూటి ముందు నైవేద్యంగా ఎర్ర సోడా పెట్టి, ఒరతై మూడుసార్లు మొక్కింది. మొక్కకముందే పిట్టని పంపిన దేవుడు! తర్వాత కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని బుగ్గ వాసన చూసింది.

"నా తల్లే! తాతతో ఏం వాగావో గానీ, ఇంటికొచ్చాక మాత్రం నోరు మెదపలేదు."

"తాతకి మాటిచ్చా. ఎవ్వరికీ చెప్పొద్దన్నాడు."

"ఏం చెప్పొద్దన్నాడే?"

మోట్ అటూ ఇటూ చూసి, అమ్మ చెవిలో నోరు పెట్టింది.

"ఫిరంగికి మూత తియ్యలేదని."