ఎడమ డెక్క పీత

సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ, పాయలో నీరు తీసేసింది. మడచెట్ల కింద బురదంతా బొటనవేలి గోరంత పీతలే. అన్నీ ఒక్కసారే పెద్దదైన కుడి డెక్క ఎత్తి, ఒక్కసారే దించుతున్నాయి. పాయ చచ్చాక బురద శుభ్రం చెయ్యడానికని కంపెనీవాళ్లు వదిలిన మరపీతలవి. నూకాలమ్మ కోడలు పేరంటాలు వాటి ముందు గొంతు పెంచి మాట్లాడదు. వింటాయని ఆమె అనుమానం.

"అత్తా, అది సూడు," అంది గుసగుసగా. "దానికి ఎడం డెక్క పెద్దది."

నూకాలమ్మ కళ్లు చికిలించి చూసింది. అసలు పీతల్లో కొన్నిటికి కుడి డెక్క, కొన్నిటికి ఎడమ డెక్క పెద్దగా ఉండేవని ఆవిడకు బాగా గుర్తు. ప్రాణమున్న పీతను ఒక్కదాన్ని చూపించినా చాలు, ఊరు ఖాళీ చేయించబోమని అధికారులు మాటిచ్చారు.

"నువ్వు కదలకే. బొచ్చె తెత్తాను."

ఆవిడ గట్టెక్కేలోగా, ఎప్పుడూ ఒక మడచెట్టు మొదట్లోనే నిలబడి ఉండే తెల్లకొంగ కదిలింది. కుడి డెక్కల వాటినన్నిటినీ దాటుకుంటూ వచ్చి, ఆ ఒక్కదాన్నే ముక్కున కరిచి మింగేసింది.

నూకాలమ్మ నెత్తి కొట్టుకుంది. "దీని దుంపతెగ! నోటికాడ కూడు లాక్కుపోయింది. పోన్లే, కొంగ తిందంటే నిజం పీతేగా. ఒకటుంటే ఇంకోటుంటాది."

పేరంటాలు అత్త చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. కొంగ మళ్లీ తన చోటికి వెళ్లి, వాళ్ల వైపే చూస్తూ నిలబడింది.

"ఇన్నేళ్లూ సేపా పీతా లేని పాయలో ఆ కొంగ ఏం తిని బతికిందత్తా?"