పలకలో గొంతు

"రేపు ఈ ఆడగొంతుతో మార్కెట్లో అడుగు పెట్టావంటే నవ్వులపాలవుతావు నాన్నా. నా మాట విని మార్చుకో," అంది కూతురు, తండ్రి చేతిలోని ఫోనుకేసి చెయ్యి చాపుతూ.

తండ్రి ఫోనును ఒళ్ళోకి లాక్కున్నాడు. చూపుడువేలితో అక్షరాలు ఒక్కొక్కటే నొక్కాడు. ఫోన్లోంచి ఒక పడుచు గొంతు, స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పేంత మర్యాదగా, "ఇదే బాగుంది," అంది.

కూరగాయల మార్కెట్లో వేలం వేసిన మనిషి ఆయన. ఆయన కేక వేస్తే ఆ చివర బస్తాలు దించుతున్నవాళ్ళు కూడా తలతిప్పి చూసేవాళ్ళు. గొంతులో పుండు లేచి, ఆపరేషన్ చేశాక ఆ కేకతోపాటు మాటా పోయింది. ప్రాణం మిగిల్చినందుకు భార్య దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటోంది. వేలం వేసేవాడి దగ్గర గొంతే ఎందుకు పుచ్చుకున్నావని అడగబోతుంది, నోటిదాకా వచ్చాక మింగేస్తుంది.

కూతురు తన జీతంతో ఈ ఫోను తెచ్చి కొన్ని వారాలైంది. ఆయన లావు వేళ్ళకు సరిపడేలా, షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద తెర ఉన్నదాన్ని ఏరి తెచ్చింది. టైపు చేస్తే అది పైకి చదువుతుంది. మొదట్లో ఒక అక్షరం నొక్కబోతే పక్కది పడి, మంచినీళ్ళు అడగబోయి ఇంకేదో అడిగి, ఇల్లంతా నవ్వులయ్యేది. ఇప్పుడు వేళ్ళు కుదురుకున్నాయి. పలకంత ఫోను చొక్కా జేబులో పట్టడం లేదని భార్య పాత జేబులన్నీ విప్పి పెద్దవి కుట్టింది. కూరలో ఉప్పెక్కువైందని చెప్పినా, గోడమీది పిల్లిని అదిలించినా అంతా ఆ పడుచు గొంతుతోనే. ఒకప్పుడు ఆయన కేకకి వీధి దాటి పారిపోయిన పిల్లి, ఇప్పుడు అక్కడే కూచుని మూతి నాక్కుంటోంది. కూతురికి అది చూసినా బాధే.

భార్యకు మాత్రం సరదాగా ఉంది. "నాకు సవతిని తెచ్చిపెట్టావు కదే," అని కూతుర్ని దెప్పుతూనే, వంటింట్లోంచి ఆ గొంతుతో గంటలకొద్దీ కబుర్లాడుతుంది.

ఫోన్లో మగగొంతు కూడా ఉందని కనిపెట్టి కూతురు ఒకటి రెండుసార్లు మార్చి చూసింది. తెల్లారేసరికి మళ్ళీ ఆడగొంతే. ఫోను పాడైందేమో అనుకుంది. మార్చేది ఆయనేనని ఇవాళ తెలిసింది.

రేపటి నుంచి ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళాలి. వేలం ఇంకొకడు వేస్తాడు, ఈయన కాటా దగ్గర నిలబడి తూకం చెప్పాలి. చెప్పగలిగితే ఉండమనీ, ఇబ్బందైతే ఇంటిపట్టున ఉండమనీ ఆయన పనిచేసే కొట్టు యజమాని మెత్తగానే అన్నాడు. ఇంటిపట్టున కూచోబెడితే ఈ మనిషి నాలుగు నెలల్లో మంచం పడతాడని కూతురి భయం.

"హమాలీలు ఊరుకుంటారనుకున్నావా? ఏం అక్కా, ఎంత తూగిందీ అని ఏడిపిస్తారు."

"అక్క అంటే గౌరవమేగా," అంది ఫోను.

కూతురు నవ్వు ఆపుకుంటూ ఫోను లాక్కుంది. అవీ ఇవీ నొక్కి మగగొంతు పెట్టి తిరిగిచ్చింది. "ఒక్కసారి విను. అమ్మని పిలిచి చూడు."

తండ్రి వేలు తెర మీద కాసేపు ఊరికే ఆగింది. తర్వాత నొక్కాడు.

"ఏమేవ్, కాసిని మంచినీళ్ళు పట్రా," అంది ఫోను. నిండుగా, ఖంగుమనే గొంతు. వార్తలు చదవడానికి సరిపోతుంది. కూతురి మొహం వెలిగిపోయింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తల్లి వెంటనే రాలేదు. కాసేపటికి తలుపు పక్కనుంచి సగం మొహం కనబడింది.

"ఎవరైనా వచ్చారా?" అంది చిన్నగా.

"నాన్నేనమ్మా. ఎలా ఉంది కొత్త గొంతు?"

"బాగానే ఉంది," అంది తల్లి. మంచినీళ్ళు తెచ్చి, భర్త చేతికివ్వకుండా బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఆ గ్లాసుకేసి చూశాడు. తాగలేదు. ఫోను తీసుకుని, కాలేజీ పిల్లాడిలా చకచకా నాలుగుచోట్ల నొక్కి, మళ్ళీ పాతగొంతు పెట్టేసుకున్నాడు.

కూతురికి ఏడుపొచ్చింది. "మొండితనానికైనా ఒక హద్దుండాలి నాన్నా. నీ కేకకి అదిరిపడ్డవాళ్ళే నిన్ను చూసి నవ్వుతుంటే నేను తట్టుకోలేను."

ఆయన కూతురి తల నిమిరి, టైపు చేశాడు. "మార్కెట్లో మగగొంతే పెట్టుకుంటానమ్మడూ. అక్కడ తూకం వినబడితే చాలు, ఎవరి గొంతైతేనేం? గుమ్మం ఎక్కాక మాత్రం ఇదే."

కూతురు కళ్ళు తుడుచుకుంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమేగా, ఇక్కడ ఏ గొంతైతే ఏం పోయిందని అడిగింది.

ఈసారి ఆయన చాలాసేపు టైపు చేశాడు. రాసి చెరిపాడు, మళ్ళీ రాశాడు. వంటింటిదాకా వినబడకుండా శబ్దం బాగా తగ్గించి, ఫోను కూతురి చెవి దగ్గర పెట్టాడు.

"మీ అమ్మని ఏమేవ్ అని పిలిచిన మగగొంతు నాదొక్కటే," అంది ఫోన్లోని పడుచు గొంతు. "పరాయి మగాడి చేత పిలిపించలేను."